తోడు పట్టికలో ఆరో పేరు

పోయిన వారం తోడు మేడమ్‌ని ఒక టైలరింగ్ షాపు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. తోడు మేడమ్ అన్నది పిల్లలు పెట్టిన పేరు. యూనివర్సిటీలో కొత్తగా చేరి బెంగపెట్టుకున్న పిల్లలకి, ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన పాత విద్యార్థుల్ని తోడుగా కలపడం ఆవిడ పని. ఆ తోడుల్లో ఒకాయన ఉన్నాడు. చదువు మానేసి వెళ్ళిపోతామన్న ఆరుగురు పిల్లల్ని మెసేజ్‌లతోనే నిలబెట్టాడు. ఆయన్ని స్థాపన దినం సభకి పిలిచి శాలువా కప్పాలని వైస్ ఛాన్సలర్ గారి కోరిక. మేడమ్ చిరునామా పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళింది. మెడలో టేపు వేసుకున్న ఆడమనిషి తలుపు తీసి, ఆ పేరు విని, పక్కకి జరిగి దారిచ్చింది. "మా తమ్ముడండీ. వాడు పోయి పంతొమ్మిదేళ్ళయింది. లోపలికి రండి," అంది.

మేడమ్ లోపలికి వెళ్ళింది. వెళ్ళకపోతే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది గానీ, ఆ వేళకి కాళ్ళు వాటంతటవే కదిలాయి.

ముందు గది షాపు, వెనక గది ఇల్లు. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫాం. గోడకి వరసగా మేకులు, మేకులకి తగిలించిన జాకెట్లు, ఒక్కోదానికి గుండుసూదితో గుచ్చిన కాగితం ముక్క. మధ్యాహ్నం రెండు కావస్తోంది. బయట ఎండ మండిపోతున్నా ఆ గదిలో మాత్రం చల్లగా ఉంది. చల్లదనం హాయిగా లేదు.

"కూర్చోండి," అంది టైలరమ్మ, స్టూలు మీది గుడ్డలు తీసి పక్కన పెడుతూ. నలభై అయిదుకి దగ్గరపడ్డ మనిషి. జుట్టు ముందువైపు మాత్రమే నెరిసింది. "మంచినీళ్ళు తాగుతారా?"

"మీరు వేరే ఎవరి గురించో చెబుతున్నారేమో," అంది మేడమ్. "నేను వెతుకుతున్నాయన నిన్న పొద్దున కూడా మెసేజ్ పెట్టాడు. చూడండి."

"ఏమని పెట్టాడు?"

మేడమ్ ఫోన్ తీసి చదివింది. "'సభలూ శాలువాలూ నాకు పడవు మేడమ్. పిల్లలకి చెప్పండి, పరీక్షల ముందు నిద్ర మానొద్దని.'"

 మేడమ్‌కి ఏం తోచిందో ఏమో, ఆ నంబరుకి అక్కడికక్కడే ఫోన్ చేసింది.

కుట్టుమిషను సొరుగులో ఏదో గొణిగింది. దారపు కండెల మధ్య ఫోన్ వణుకుతోంది. ఆ వణుకుకి కండె ఒకటి సొరుగు చెక్కకి టకటకమని కొట్టుకుంటోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. 

"నేనేనండీ," అంది టైలరమ్మ. "వాడి పేరుతో రాసేది నేనే."

మేడమ్‌కి ముందు కలిగింది ఊపిరి పీల్చుకున్నంత హాయి. చచ్చినవాడు మెసేజ్‌లు పెట్టడం లేదు, అంతే చాలు. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది.

"ఎంత పని చేశారండీ. ఆ పిల్లలు మిమ్మల్ని నమ్మి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనివి చెప్పుకున్నారు. వాళ్ళకి తెలిస్తే ఏమైపోతారు? మా పరువు సంగతి సరే, వాళ్ళ సంగతేంటి?"

"తప్పే," అంది టైలరమ్మ తేలిగ్గా. "కాదన్నానా? మూడేళ్ళ కిందట మీ దగ్గర్నుంచి వాడి పేరు మీద ఉత్తరం వచ్చింది. 'మీరు మా కుటుంబ సభ్యులు. కొత్త విద్యార్థులకు మీ తోడు కావాలి' అని. చింపేద్దామనుకున్నాను. చింపడానికి అంచు పట్టుకున్నాను కూడా. మీరే చెప్పండి, పిల్లాడు పోయాడని పదహారేళ్ళకి కూడా తెలియని కుటుంబం ఎక్కడైనా ఉంటుందా?"

ఆ ఉత్తరం రాసింది మేడమే. ఒకటి రాసి, నాలుగు వేల మందికి పంపింది. కంప్యూటర్లో పాత విద్యార్థుల పట్టిక ఎవరో ఎక్కించారు, ఎవరెవరు బతికున్నారో చూడాలన్న ఊహ ఎవరికీ రాలేదు. ఆ మాట పైకి అనలేక, "ఎలా పోయాడు?" అని అడిగింది.

టైలరమ్మ మిషను ముందు కూర్చుంది. చెప్పినంతసేపూ చేతులు యూనిఫాం అంచుని మడతపెడుతూనే ఉన్నాయి.

అమ్మ పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. ఆవిడకి ఇరవై అయిదు, వాడికి పంతొమ్మిది. హాస్టల్లో రెండో ఏడు. గదిలో ఉండే రెండో కుర్రాడు అన్న పెళ్ళికని ఊరెళ్ళాడు. సోమవారం వీడికి జ్వరం వచ్చింది. లేచి తలుపు తీసే ఓపిక లేదు. అప్పట్లో హాస్టలంతటికీ కలిపి ఆఫీసులో ఒక్కటే ఫోను. బుధవారం అక్క ఫోన్ చేసింది. ఆఫీసులో కూర్చున్నతను పట్టిక చూసి, "క్లాసుకి వెళ్ళాడమ్మా, పొద్దున హాజరు పడింది," అన్నాడు. అక్క నిశ్చింతగా పెట్టేసింది. శుక్రవారం ఊడ్చే మనిషికి అనుమానం వచ్చి తలుపు పగలగొట్టించింది.

"సోమ, మంగళ, బుధ, గురు. నాలుగు రోజులూ హాజరు ఉందండీ," అంది టైలరమ్మ. "వాడు మంచం మీద ఉన్నాడు, పట్టికలో క్లాసులో ఉన్నాడు. ఆ మేష్టారి దగ్గరికెళ్ళి అడిగాను. మంచాయనే పాపం. ఏడ్చాడు కూడా. 'పిలిచానమ్మా, పలికాడు. తల ఎత్తి చూడలేదు గానీ నా చెవులతో విన్నాను, వాడి గొంతే' అన్నాడు. ఎవడో స్నేహితుడు పలికుంటాడని అందరూ సర్దిచెప్పారు. వాడికి స్నేహితులు లేరండీ. పలికినవాడెవడో ఇవాళ్టికీ తెలీదు."

మేడమ్ చేతుల మీద రోమాలు లేచాయి. రెండో చేత్తో రుద్దుకుంది.

"అందుకని చింపలేదు," అంది టైలరమ్మ. "మీరు వాడింకా ఉన్నాడంటున్నారు కదా, సరే ఉండనీ అనుకున్నాను. ఫారం నింపి పంపించాను. నెల తిరక్కుండా మొదటి పిల్లాడి నంబరు వచ్చింది. చదువు మానేస్తానన్నాడు. నాకేం తెలుసు, నేను చదివింది ఎనిమిదో తరగతి. 'మానేద్దువులే, రేపు మానెయ్. ఇవాళ మాత్రం తినేసి క్లాసుకి వెళ్ళు' అని రాశాను. మర్నాడూ అదే రాశాను. ఆ మర్నాడూ అదే. రేపు రేపంటూ మూడేళ్ళు గడిచాయి. మొన్న డిగ్రీ పుచ్చుకున్నాడు."

మేడమ్‌కి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ పిల్లాణ్ణి ఆవిడెరుగు. ఆఫీసుకి వచ్చి, "రేపు మానేద్దామని రోజూ అనుకున్నాను మేడమ్, ఆ రేపు రానేలేదు," అని చెప్పి వెళ్ళాడు. ఎవరి మాటో అప్పుడు తెలియలేదు.

"అయినా ఒక్కసారి ఫోన్ చేసి గొంతు విన్నా తెలిసిపోయేది కదండీ," అంది టైలరమ్మ. "ఎవరూ చేయలేదే. పిల్లల్ని మనిషికి అప్పగించామనుకున్నారు. పేరుకి అప్పగించారు."

"నేనొక్కదాన్నక్కా," అంది మేడమ్. అక్కా అన్న పిలుపు తనకే తెలియకుండా వచ్చింది. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆరు వందల మంది పిల్లలు, రెండు బిల్డింగులు. పేరుపెట్టి పిలిచేవాళ్ళం. ఇప్పుడు తొమ్మిది వేలు. కొత్తగా చేరిన మేష్టర్లకి కూడా పాత మేష్టర్లని తోడు వేయాలి, అదీ నేనే. రిటైరైన వాళ్ళు బాగున్నారో లేదో కనుక్కోవాలి, అదీ నేనే. ఒక గది, ఒక కంప్యూటరు. పెరుగుతున్నామని అందరూ సంబరపడతారు. చూసుకునేవాళ్ళు మాత్రం పెరగరు."

"పదిమంది ఉన్నచోట పాము చావదంటారు. మీ దగ్గర తొమ్మిది వేలమంది," అంది టైలరమ్మ. అయితే ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

మేడమ్ నీళ్ళు తాగుతూ ఆలోచించింది. వైస్ ఛాన్సలర్ గారికి ఏం చెప్పాలి? నిజం చెబితే ఈవిడ మీద కేసు పెట్టినా పెడతారు. చెప్పకపోతే తనూ అబద్ధంలో భాగస్థురాలే. కానీ పిల్లలు నిలబడ్డారు, చదువుకుంటున్నారు, అది అబద్ధం కాదు.

"ఇప్పటికి నేనెవరికీ చెప్పను," అంది గ్లాసు కింద పెట్టి. "ఆ ఆరుగురితోనూ ముందు నేను మాట్లాడాలి."

"ఐదుగురు," అంది టైలరమ్మ.

"ఆరుగురక్కా."

"ఐదుగురే మేడమ్. నాకు లెక్క తప్పదు. పరీక్షలెప్పుడో, ఎవరికి ఏ బెంగో, గుడ్డల కొలతలు రాసే పుస్తకంలోనే వెనక రాసుకుంటాను." పుస్తకం తీసి చూపించింది. నిజమే. నడుము, చాతీ, చెయ్యి పొడుగు అన్న అంకెల వెనక పేజీల్లో అయిదు పేర్లు, వాటి కింద గుండ్రటి అక్షరాలతో చిన్న చిన్న మాటలు.

మేడమ్ తన సంచీలోంచి తోడు పట్టిక తీసింది. వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. అయిదు పేర్లూ కలిశాయి. ఆరోది మొదటి ఏడాది చరిత్ర చదివే అమ్మాయి. మేడమ్‌కి బాగా గుర్తు. బక్కపల్చటి పిల్ల, పొట్టి జడ, అడిగితే తప్ప మాట్లాడదు. పెద్ద హాస్టల్లో మూడో అంతస్తు చివర ఒంటరి గది.

"ఈ పిల్లని మీకు వేసి మూడు నెలలైంది. ఒప్పుకున్నట్టు జవాబు కూడా వచ్చింది."

"నేనివ్వలేదు. ఆ పిల్ల నంబరే నాకు రాలేదు."

పట్టికకి జతచేసి పిల్లలు నింపిన కాగితాలున్నాయి. తోడు ఎలా ఉంది, ఎలా మాట్లాడతారు అని రెండు ప్రశ్నలు. అయిదుగురూ మెసేజ్ అని రాశారు. ఆరో కాగితం మేడమ్ ఇదివరకు చూసిందే, సంతకం పెట్టి ఫైల్లో పెట్టిందే. ఇప్పుడు మళ్ళీ చదివితే అక్షరాలు కొత్తగా కనిపించాయి.

'అన్న రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తారు. ఎక్కువ మాట్లాడరు. నేను మాట్లాడితే వింటారు. నా గది ఆయనకి బాగా తెలుసు.'

"మీరు ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడారా?" అని అడిగింది మేడమ్. అడగక్కర్లేదని తెలుసు.

"ఈ గొంతుతోనా? వాళ్ళు నన్ను అన్నా అంటారు."

మేడమ్ ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. రెండోసారి చేసింది, మోగుతూనే ఉంది. ఎత్తలేదు. చరిత్ర మేష్టారికి చేసింది. ఆయన ఈ ఏడే చేరిన కుర్ర మేష్టారు. చెప్పులు టపటపలాడించుకుంటూ నడుస్తూనే మాట్లాడాడు.

"వస్తోంది మేడమ్, రోజూ వస్తోంది. సోమవారం నుంచి ఇవాళ్టిదాకా హాజరు ఉంది."

"మీరు చూశారా?"

"నూట నలభై మంది మేడమ్. పేరు పిలుస్తాను, పలుకుతారు. ఆ పేరుకీ పలికారు." అతను నడక ఆపాడు. చెప్పుల చప్పుడు ఆగిపోయింది. "మీరడిగితే గుర్తొస్తోంది. పలికింది మగ గొంతు. ఎవడో ఆకతాయి వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వి టిక్కు పెట్టేశాను. అయినా పిల్ల ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను."

"ఎన్ని రోజులు?"

"సోమ, మంగళ, బుధ... ఇవాళ గురువారం కదా మేడమ్."

స్పీకరులో అంతా విన్న టైలరమ్మ మిషను ముందు నుంచి లేచింది. ఒళ్ళో ఉన్న యూనిఫాం జారి కింద పడింది. పట్టించుకోలేదు.

"గది చూడమనండి," అంది. "ఇప్పుడే చూడమనండి. నా ఫోన్లోంచి చేయండి, ఆ పిల్ల తిరిగి చేస్తే మీ ఫోన్ ఖాళీగా ఉండాలి."

మేడమ్ తన ఫోన్లో నంబరు చూసి, టైలరమ్మ ఫోన్లో నొక్కింది. రెండుసార్లు తప్పింది. పెద్ద హాస్టల్ వార్డెన్ మోకాళ్ళ నొప్పుల మనిషి. మామూలుగా అయితే ఎవర్నో పంపిస్తానని కాలక్షేపం చేసేదే. మేడమ్ గొంతులో ఏం వినిపించిందో, ఇనుప గడ్డపార పట్టుకున్న వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని తనే మెట్లెక్కింది. ఫోన్ పెట్టేయకుండా అలాగే చేతిలో పట్టుకుని ఎక్కుతోంది. ఒక్కో మెట్టుకీ ఆవిడ ఆయాసం ఇక్కడికి వినిపిస్తోంది.

ఆవిడ రెండో అంతస్తులో ఉండగా బల్ల మీద మేడమ్ ఫోన్ మోగింది. ఆ అమ్మాయి నంబరే.

మేడమ్ రెండో చెవి దగ్గర పెట్టుకుంది. "అమ్మా, ఎక్కడున్నావు? ఎలా ఉన్నావు?"

అవతల పాత ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరిగే చప్పుడు. పెద్ద హాస్టల్లో ఫ్యాన్లన్నీ ఈ ఏడాదే వేశారు, వాటికి చప్పుడు ఉండదు. తర్వాత ఒక కుర్రాడి గొంతు, చాలా మర్యాదగా, చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

"ఆ అమ్మాయి లేవలేకపోతోంది మేడమ్. లోపల గడియ పెట్టుంది. అప్పట్లో నా బదులు ఎవరో పలికారని మా అక్క ఇప్పటికీ ఏడుస్తుంది. ఎవరూ పలకలేదు, నేనే పలికాను. పలికితే ఎవరైనా తలెత్తి చూస్తారనుకున్నాను. ఈ నాలుగు రోజులూ అందుకే పలికాను."

 మేడమ్ ముఖం చూసి టైలరమ్మ చెయ్యి చాచింది. మేడమ్ ఫోన్ ఇచ్చేసింది.

టైలరమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని విన్నది. కేకలు పెట్టలేదు, కూలబడలేదు. కాలేజీ నుంచి పొద్దుపోయినా రాని తమ్ముణ్ణి అడిగినట్టు అడిగింది.

"ఎక్కడున్నావురా?"

ఇవతల చెవిలో వార్డెన్ మూడో అంతస్తుకి చేరింది. తలుపు బాదుతున్న చప్పుడు. పేరుపెట్టి పిలుస్తున్న చప్పుడు. తర్వాత గడ్డపార, చెక్క పగిలిన మోత, ఎవరో పరుగెత్తడం, ఎవరో నీళ్ళు అడగడం. మేడమ్ కుట్టుమిషను అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"బతికే ఉంది మేడమ్," అంది వార్డెన్ ఆయాసపడుతూ. ఏడుపో దగ్గో తెలియని చప్పుడు చేసింది. "ఒళ్ళు పెనంలా కాలిపోతోంది గానీ కళ్ళు తెరిచింది. బండి పిలిపించాను, ఆస్పత్రికి నేనే వెళ్తున్నాను. ఇంకో పూట ఆగి ఉంటే... వద్దులే, ఆ మాట అనను."

"ఆ గదిలో ఇంకెవరున్నారు?"

"ఎవరుంటారు? ఒక్కతే."

"మరి ఆ పిల్ల ఫోన్ ఎవరి దగ్గరుంది?"

"ఫోనా? మంచం కింద పడుంది, నేనే తీశాను. చార్జింగ్ లేదు మేడమ్, చచ్చిపోయి ఉంది. ఎప్పుడో మొన్ననే ఆగిపోయినట్టుంది. ఎందుకడుగుతున్నారు?"

 ఎదురుగా టైలరమ్మ ఇంకా వింటోంది. చెవికీ చేతికీ మధ్య ఫోన్ వెలుగు సన్నగా కనిపిస్తోంది. మధ్యమధ్య "ఊ" అంటోంది, "సరేరా" అంటోంది. ఒకసారి నవ్వింది కూడా. పంతొమ్మిదేళ్ళ బరువు ఆ కాస్తసేపట్లో ఆ ముఖం మీద నుంచి ఎవరో దించి పక్కన పెట్టినట్టుంది. ఆ ముఖం చూస్తే మేడమ్‌కి భయం పోలేదు సరిగదా, ఎక్కువైంది.

"అడుగుతాను ఉండు," అంది టైలరమ్మ ఫోన్లోకి. తర్వాత దాన్ని చెవి నుంచి తీసి మేడమ్ వైపు చాచింది.

"మీకు ఇవ్వమంటున్నాడు. తలుపులేసుకున్నవాళ్ళు ఇంకా ముగ్గురున్నారట. పేర్లు చెబుతాడట, రాసుకోమంటున్నాడు." గొంతు తగ్గించింది. "వాళ్ళలో ఒకరు విద్యార్థి కాదట మేడమ్. మేష్టారట."